ఇరవై ఊపిర్లు

1934 మార్చి 6

ఈ కాగితాలు ఆస్పత్రివి. టెంపరేచర్ చార్టుల వెనక వైపు ఖాళీగా ఉంటుంది. నెలాఖరుకి పారేస్తారు, నేను తెచ్చుకుంటాను. దొంగతనం అంటే అననీ. ఇవాళ నా మొగుణ్ని తాగుబోతు అన్నారు, దాని ముందు ఇదెంత!

జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవాలి. లేకపోతే పదిమంది పది రకాలుగా చెప్పి, నా బుర్రలో ఉన్నదాన్ని కూడా మార్చేస్తారు.

నూకరాజు సెకండ్ ఫైర్‌మన్. ఇంజన్లో బొగ్గు వెయ్యడం మా ఆయన పని. నిన్న పొద్దున్న కట్నీ వైపు గూడ్సు మీద డ్యూటీ. డ్రైవరు సన్యాసిరావు. భన్వర్‌టాంక్ సొరంగం దగ్గర ఎత్తు ఎక్కాలి, బండి మనిషి నడక కంటే కాస్త వేగంగా పోతుందంతే. పొగంతా ఇంజను మీదికే దిగుతుంది. దాటడానికి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ మనవాళ్లు ఊపిరి బిగబట్టుకుంటారు. సొరంగం నోట్లోంచి బయటికి వస్తూనే నూకరాజు ఇంజను మీంచి కంకర మీద పడ్డాడు. భుజం దగ్గర ఎముక విరిగింది, నుదురు చిట్లింది. బండి మెల్లిగా పోతోంది కాబట్టి బతికాడు.

అక్కడున్న గ్యాంగ్‌మన్ రక్తం ఆగాలని గాయం మీద మహువా సారా, అదే ఇప్పసారా, పోశాడు. ఆ కంపుతోనే బిలాస్‌పూర్ రైల్వే ఆస్పత్రికి తీసుకొచ్చారు. నేను వార్డు ఆయాని. బేసిను పట్టుకుని పక్కనే నిలబడ్డాను. డాక్టరు దొర వంగి వాసన చూసి, స్మెల్లింగ్ ఆఫ్ లిక్కర్ అని రాసేశాడు. మూడు మాటలు. గాయం మీద పోసిన సారా అండీ అని చెప్పాను. బేసిను మార్చు అన్నాడు.

ఎంక్వైరీ ఇరవయ్యారో తారీఖున. తాగి డ్యూటీ చేశాడని తేలితే ఉద్యోగం ఊడుతుంది, క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అంతకంటే పెద్దది ఇంకోటుంది. ఇక ఎక్కడికెళ్లినా నూకరాజంటే తాగి ఇంజను మీంచి పడ్డవాడే. మా ఆయన సారా ముట్టడని ఈ కాలనీలో కుక్కలకి కూడా తెలుసు.

మార్చి 7

నూకరాజు మాట్లాడుతున్నాడు. అడిగినవాళ్లందరికీ ఒకటే చెబుతున్నాడు. నానేటీ తాగనేదు, తూలనేదు, కళ్లు తిరగనేదు, ఊపిరి పట్టుకుని నిలబడే ఉన్నాను, తరవాత సూత్తే కంకర మీదున్నాను అని.

డాక్టరు నవ్వాడట. ఒళ్లు తెలిసిన మనిషి పడేటప్పుడు పడుతున్నానని తెలుసుకుంటాడు, తెలియలేదంటే తాగి ఉన్నట్టే అన్నాడట. మా ఆయన నిజమే ఆయన్ని ముంచుతోంది. కళ్లు తిరిగాయని ఒక్క అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది. ఆడడు మొద్దు మనిషి.

మార్చి 9

మా నాన్న పోలయ్య గూడ్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. అమ్మ పోయాక మా దగ్గరే ఉంటున్నాడు. ఇంజన్ల షెడ్డులో తెలుగువాళ్లకి ఆయన మాటంటే శాసనం. సొరంగంలో ఊపిరి పట్టడం అందరికీ నేర్పింది ఆయనే. పోలయ్య ఇరవై అంటారు.

ఎలాగంటే, సొరంగం కనపడగానే బొగ్గు వేసే ఫైర్‌హోల్ తలుపు మూసి, చల్లగాలి కోసం కిందికి గొంతుక్కూర్చోవాలి. ఇరవై ఊపిర్లు, గట్టిగా, గబగబా, కొలిమితిత్తి ఊదినట్టు. వేళ్లు జివ్వుమంటాయి, పెదాలు తిమ్మిరెక్కుతాయి. అప్పుడు గాలి నిండినట్టు. లేచి నిలబడి, ఛాతీ బిగించి పట్టెయ్యడమే. నాన్న కుర్రతనంలో భీమిలిలో రాళ్లకి పట్టుకున్న వలలు విడిపించడానికి నీళ్లలో మునిగేవాడు. అక్కడి విద్య ఇక్కడి పొగకి తెచ్చాడు. షెడ్డులో బెంగాలీలు, మద్రాసీలు కూడా అదే చేస్తున్నారిప్పుడు.

ఇవాళ నా ముందే అన్నాడు. నా ఇరవై సరిగ్గా సేసినోడు పడడు అమ్మీ, ముప్పై ఏళ్లు నాను పడినానా, నీ మొగుడు సెయ్యనన్నా సెయ్యనేదు, తాగనన్నా తాగినాడు, రెండిట్లో ఏటో ఒకటి అని.

డాక్టరు అన్నదానికి ఏడవలేదు. దీనికి ఏడ్చాను. ఏడుస్తూనే ఆయన కంచంలో అన్నం పెట్టాను, అదీ నా బతుకు.

మార్చి 10

నూకరాజుని గుచ్చి గుచ్చి అడిగాను. ఇరవై కాదే, ముప్పై సేసినాను, ఆ దినం బండి బరువెక్కువ, పొగెక్కువుంటాదని అన్నాడు.

మార్చి 13

నిన్న నూకరాజుని ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేశారు. ఇవాళ సన్యాసిరావు వచ్చాడు. మంచివాడే. ఒక కాగితం తెచ్చాడు, ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. తాగినందుకు సిగ్గుపడుతున్నాను, ఇకపై ముట్టను, దయతో క్షమించండి అని దాని సారాంశం. కింద సంతకానికి చోటు. దొరలకి పశ్చాత్తాపం అంటే ఇష్టమట. సంతకం పెట్టేత్తే కూలీగా షెడ్డులో ఉంచుతారు సెల్లీ, క్వార్టరు కూడా ఉంటాది, ఫోర్‌మన్ దొర సెప్పినాడు, కొట్లాడితే అదీ ఉండదు అన్నాడు.

నూకరాజు కాగితం అందుకున్నాడు. ఎడం చేత్తో సంతకం చెల్లుతాదా అని అడిగాడు. కుడి భుజం కట్టి ఉందిగా.

చెల్లదు అన్నాను నేను. నాకేం తెలుసు చెల్లుతుందో లేదో!

వెళ్లబోతున్న సన్యాసిరావుని గుమ్మం దగ్గర ఆపాను. అదే ఇంజను, అదే పొగ, నువ్వెందుకు పడలేదన్నా అని అడిగాను. సిగ్గుపడ్డాడు. నాకు దగ్గు సెల్లీ, మూడు నాలుగు ఊపిర్లు లాగేసరికి దగ్గొచ్చేత్తాది, ఇరవై నావల్ల కాదు, తడిగుడ్డ కట్టుకుని పొగలోనే పీల్చుకుంటాను, అందుకే గుంటలందరూ ఎక్కిరిత్తారు అన్నాడు.

ఇరవై చెయ్యలేనివాడు నిలబడ్డాడు. ముప్పై చేసినవాడు పడ్డాడు. అప్పటినుంచీ నాకు వేరే ఆలోచన లేదు.

మార్చి 15

కాంపౌండరు జగన్నాథం గారి దగ్గర ఫిజియాలజీ పుస్తకం ఉంది. నేను భీమిలి మిషన్ స్కూల్లో ఎనిమిదో క్లాసు. నా ఇంగ్లీషు కుంటిది కానీ నడుస్తుంది. నాకు అర్థం కానిచోట ఆయన చెప్పారు. తలుపు మూసి చెప్పారు, భయస్థుడు.

పుర్రె అడుగున, మెడ వెనక, బొటనవేలంత చోటు ఒకటి ఉందట. అది క్షణం విడవకుండా నెత్తురు రుచి చూస్తూ ఉంటుందట. మనం వాడేసిన గాలి నెత్తుట్లో పేరుకోగానే దానికి తెలిసిపోతుంది. పక్కటెముకలకీ, డొక్క కింద పొరకీ పీల్చండి అని ఆర్డరు వేస్తుంది. నిద్రలో ఊపిరి ఆడేది దానివల్లే. పురిట్లో పసిగుడ్డుకి ఎవరు నేర్పారు పీల్చమని! ఊపిరి బిగబడితే కాసేపు మన మాట వింటుంది, తరవాత మనల్ని తోసేసి తనే పీల్పిస్తుంది.

ఇక్కడే ఉంది అసలు సంగతి. అది లెక్క చూసేది వాడేసిన గాలిని. మంచి గాలి తక్కువైతే దానికి అంత తొందరగా తెలియదు.

అయితే ఇరవై ఊపిర్లు గబగబా లాగితే ఏమవుతుంది? మంచి గాలి ఎక్కువ నిండుతుందా? నిండదట. నెత్తురు మామూలప్పుడే దాదాపు నిండుగా ఉంటుంది, నిండిన బిందెలో ఎంత పోస్తే మాత్రం ఏం? బయటికి పోయేది వాడేసిన గాలి. అదంతా ఊడ్చుకుపోతుంది. వేళ్లు జివ్వుమనేది అందుకేనట, గాలి నిండినందుకు కాదు. ఆపైన ఊపిరి పట్టుకుంటే ఆ బొటనవేలంత చోటు హాయిగా కూర్చుంటుంది. చెత్త పేరుకోలేదు కదా, ఇంకా తొందరేమిటి అనుకుంటుంది. ఈలోపల మంచి గాలి అయిపోతుంది. బుర్ర చీకటైపోతుంది. సిగ్నల్ దీపం ఆర్పేసి బండి తోలినట్టు.

కళ్లు తిరగవు. తూలడు. నిలబడే ఉన్నాననుకుంటాడు.

జగన్నాథం గారూ, ఈ మాట ఎంక్వైరీలో చెప్పండి అన్నాను. ఆయన పుస్తకం మూసి అలమరలో పెట్టి తాళం వేశారు. నాకు నలుగురు పిల్లలమ్మా అన్నారు.

మార్చి 16

పుస్తకాన్ని నమ్మి దొరల ముందు నిలబడనా? చూడాలి.

తాంబూలం సున్నం నీళ్లలో కలిపి తేట తీశాను. అద్దంలా ఉంది. బొప్పాయి కాడతో అందులోకి మామూలు ఊపిరి వదిలాను. మూడు ఊపిర్లకి పాలలా తెల్లబడింది. వాడేసిన గాలి అంటే అదే. ఇంకో గ్లాసులో పోసి, ఈసారి ఇరవై లాగి అప్పుడు ఊదాను. మూడు ఊపిర్లకి కాస్త మసకబారింది, అంతే. ఊడ్చుకుపోయిందన్నది నిజం.

నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. సున్నం తగలేత్తన్నావేటి అన్నాడు.

మార్చి 18, పగలు మూడు గంటలు

ఆస్పత్రి నుంచి నాడి చూసే ఇసుక గడియారం తెచ్చాను. అర నిమిషానిది. నూకరాజు మంచం మీంచి వద్దే వద్దే అంటున్నాడు.

మొదట మామూలుగా పట్టాను. ఇసుక ఒకసారి దిగి, తిప్పాక సగమయ్యేసరికి డొక్క తన్నుకుంది. ఆపలేకపోయాను. నోరు దానంతటదే తెరుచుకుంది.

తరవాత నాన్న పద్ధతి. గొంతుక్కూర్చుని ఇరవై. వేళ్లు జివ్వుమన్నాయి. లేచి బిగబట్టాను. అబ్బ, ఎంత సుఖంగా ఉందో! పీల్చాలనే లేదు. గడియారం ఒకసారి తిప్పాను. రెండోసారి తిప్పాను. ఇలాగైతే రాయగడ్ దాకా పట్టుకుంటాను అనుకున్నాను.

ఎందుకు అరుస్తున్నావు అని నూకరాజుని అడిగాను. పడిపోయావే, పడిపోయావే అంటున్నాడు. లేదు, నిలబడే ఉన్నాను అన్నాను. చెంప కింద గచ్చు చల్లగా తగిలింది.

మార్చి 19

మళ్లీ చేశాను. మళ్లీ పడ్డాను. మళ్లీ నాకు తెలియలేదు.

మార్చి 21

నాన్నకి చెప్పాను. అంతా చెప్పాను, సున్నం, పుస్తకం, గచ్చు. వింటాడనుకున్నాను.

తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. నీ మొగుడి కోసం నీ బాబుని ఎదవని సేత్తావేటే అన్నాడు. ఆ ఇరవై నాకు నేర్పినోడు ఎవడో తెలుసా నీకు అన్నాడు. ఎవరు అన్నాను. చెప్పలేదు. అప్పట్నించీ వరండాలో తింటున్నాడు, వరండాలో పడుకుంటున్నాడు. నా మాట షెడ్డులో పాకి దొరల దాకా పోయింది, ఎంక్వైరీకి ఆయన్ని కూడా పిలిచారట. ఇరవై వల్ల మనుషులు పడతారా అని అడగడానికి. పడరని చెబుతానని షెడ్డంతా చెప్పుకొస్తున్నాడు.

పట్టుదల నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది.

మార్చి 25

నూకరాజు ఎడం చేత్తో సంతకం సాధన చేస్తున్నాడు. చార్టు వెనక, నా కాగితాల మీదే. నూక అని రాసి ఆగిపోయాడు, మిగతాది వంకర పోయింది. రేపటి నుంచి నీకు బాధుండదే అన్నాడు.

ఆ టైపు కాగితం తీసి ముక్కలు చేశాను. పొయ్యిలో వేసి దాని మీదే చారు కాచాను. చెయ్యని తప్పుకి క్షమాపణ చెప్పేవాడితో కాపురం చెయ్యనని చెప్పాను. ఉద్యోగం పోతే పోనీ, ఊరవతల సీపత్ వైపు పల్లెల్లో మట్టి మోసి బతుకుతాం. తాగాను అని నీ చేత్తో రాసిచ్చావంటే మాత్రం, తాగనివాడివి మళ్లీ ఎప్పటికీ కాలేవు అన్నాను.

నూకరాజు చారు తాగి, బాగుంది అన్నాడు.

మార్చి 26

గబగబా రాస్తున్నాను.

ఫోర్‌మన్ ఆఫీసు. బల్ల వెనక ఫోర్‌మన్ దొర, ట్రాఫిక్ దొర, మన డాక్టరు దొర. గోడవారగా మేం. షెడ్డువాళ్లు కిటికీల దగ్గర గుమిగూడారు. నన్ను పిలిచింది బేసిను పట్టుకున్న ఆయాగా. గ్యాంగ్‌మన్ సారా పోశాడని చెప్పాను. గ్యాంగ్‌మన్ లేదు సాబ్ అన్నాడు, ఇంట్లో సారా ఉందంటే వాడికి జైలు. వాణ్ని తప్పు పట్టను.

ఇక వెళ్లు అన్నారు. వెళ్లలేదు. మనిషి తాగకుండా పడగలడు, తెలియకుండా పడగలడు, నేను చూపిస్తాను సాబ్ అని హిందీలో అన్నాను. డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. ట్రాఫిక్ దొరకి సరదా వేసినట్టుంది, కానీ అన్నాడు.

కొంగు బిగించి, బల్ల ముందు గొంతుక్కూర్చుని ఇరవై లాగాను. లేచాను. పట్టాను. గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను.

తరవాత సన్యాసిరావు నా మొహం మీద నీళ్లు కొడుతున్నాడు. డాక్టరు తక్కినవాళ్లతో అంటున్నాడు. ఆడవాళ్లకిది మామూలే, హిస్టీరియా, ఇంజను మీద పనిచేసే మగవాడికీ దీనికీ సంబంధం లేదు అని. ఫోర్‌మన్ తల ఊపాడు. కలం సిరాలో ముంచాడు.

అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు నాన్న లేచాడు. నా కోసం కాదు. నా వైపు చూడనైనా లేదు. అచ్ఛా సాబ్, దానికి సెయ్యడం రాదు, నా ఇరవైని పాడు సేసింది, ఇలాగ సెయ్యాలి సూడండి అన్నాడు. తలపాగా సర్దుకున్నాడు. గొంతుక్కూర్చుని లాగుతుంటే కిటికీల్లోంచి కుర్రాళ్లు లెక్క పెట్టారు. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. లేచి ఛాతీ బిగించి నిలబడ్డాడు. ఫోర్‌మన్ వాచీ తీశాడు. అర నిమిషం. నిమిషం. నాన్న నవ్వుతున్నాడు. నిజంగా నవ్వుతున్నాడు, కళ్లతో, చూశావా అని నాకు చెబుతున్నట్టు. నిమిషం పావు.

బస్తా పడ్డట్టు పడ్డాడు. చేతులు కూడా చాపుకోలేదు.

డాక్టరు బల్ల దాటి వచ్చాడు. వంగి నాడి చూశాడు. ఆ తరవాత, అందరూ చూస్తుండగా, నాన్న నోటి దగ్గర ముక్కు పెట్టాడు. ఇంకా వంగాడు. ఏముంటుంది అక్కడ, చుట్ట వాసన తప్ప!

నాన్న కళ్లు తెరిచాడు. ఏటలా సూత్తన్నారు, పట్టుకునే ఉన్నాను గదా, ఎంతయింది అన్నాడు. కిటికీ దగ్గర ఎవడో, పడిపోయావు తాతా అన్నాడు. పడనేదు నాను, నిలబడే ఉన్నాను అన్నాడు మళ్లీ. అప్పుడు తల తడుముకుని, తలపాగా కోసం చూశాడు. అది గోడ దాకా దొర్లిపోయి ఉంది. దాన్నే చాలాసేపు చూశాడు.

రాసుకోండి సాబ్ అన్నాను. మా ఆయన చెప్పింది అక్షరాలా ఇదే. ఈయన తాగాడని కూడా రాసుకోండి.

ఫోర్‌మన్ రాయలేదు. కలం కింద పెట్టాడు.

మార్చి 27

అరవై రెండేళ్ల మనిషి, ఇంజను మీద ఉన్నప్పటి ఓపిక ఇప్పుడెక్కడిది. తల ఏ బల్ల అంచుకో తగిలి ఉంటే? ఆపగలిగేదాన్ని. ఆపలేదు.

ఏప్రిల్ 3

ఆర్డరు వచ్చింది. సింకోపీ, నాట్ డ్యూ టు లిక్కర్. స్పృహ తప్పడమే, సారా వల్ల కాదు అని. డాక్టరు దొర సొంత చేతిరాత. ఎముక అతుక్కునేదాకా షెడ్డులో లైట్ డ్యూటీ, తరవాత మళ్లీ ఇంజను. నూకరాజు ఆ కాగితం నాచేత నాలుగుసార్లు చదివించుకున్నాడు. నాట్ అన్నచోట వేలు పెట్టి చూసుకున్నాడు.

సొరంగంలో ఊపిరి బిగబట్టకూడదని షెడ్డులో నోటీసు అంటించారు. ఇంగ్లీషులో! ఎవడు చదువుతాడు. నాన్న పొద్దున్నే షెడ్డు గేటు దగ్గర వెదురు మోడా వేసుకుని కూర్చుంటున్నాడట. ఇంజనెక్కే ప్రతివాణ్నీ ఆపి, తడిగుడ్డ సూపించు, ఇరవై గిరవై అన్నావంటే కాళ్లిరగ్గొడతాను అంటున్నాడట. సన్యాసిరావు చెప్పి నవ్వాడు.

నాతో మాత్రం ఇంకా మాట్లాడలేదు.

ఏప్రిల్ 9

ఇవాళ మాట్లాడాడు. పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వచ్చి, తీగ పట్టుకుని నిలబడ్డాడు.

ఇరవై నేర్పింది ఆయన అన్న సూర్యం. మా పెదనాన్న. నేను పుట్టకముందే సముద్రంలో పోయాడని తెలుసు, అంతకుమించి మా ఇంట్లో ఎవరూ చెప్పేవారు కాదు. యాభై ఏళ్ల కిందట లోతులో వల చిక్కుకుంటే దిగాడట. లోతెక్కువని ఇరవై చాలదు, నలభై లాగుతాను, లెక్కెట్టరా అన్నాడట తమ్ముడితో. నాన్నకి అప్పుడు పన్నెండేళ్లు. పడవ అంచు పట్టుకుని నలభై లెక్కపెట్టాడు. పెదనాన్న నవ్వుతూ మునిగాడు. తేలలేదు.

ఆ వేళకి ఆయన పెళ్లాం చిన్నమ్మి ఒడ్డున ఇసుకలో కూర్చుని తల దువ్వుకుంటోందట. మొగుడు నీళ్లలో ఉండగా ఆడది తల దువ్వకూడదు, గంగమ్మ తీసుకుపోతుంది అంటారు. ఆవిడకి ఇరవై ఏళ్లు. మొగుణ్ని తినేసిందన్నారు. ఊరంతా అన్నారు. నానూ అన్నాను అన్నాడు నాన్న. అందరికంటే గట్టిగా నానే అన్నాను అన్నాడు.

ఆవిడ ఇంకా ఉందట, భీమిలిలోనే, ఊరి చివర పాకలో. పెళ్లికీ పురుడుకీ పిలవరు. ఆ రోజు నుంచి తల దువ్వుకోలేదట.

నలభై నానే లెక్కెట్టాను గదే అన్నాడు. ఆరేస్తున్న దుప్పటి రెండో కొస ఆయన చేతికిచ్చాను. పట్టుకున్నాడు.

ఏప్రిల్ 12

నాన్న పొద్దుటి ప్యాసింజరుకి భీమిలి వెళ్లాడు. సంచిలో చెక్క దువ్వెన ఒకటి పెట్టాను. చూశాడు. తీసెయ్యలేదు.